గౌరికి జోడు వెతకడం: హెసరఘట్ట లాయం డైరీ

డిసెంబరు

మా లాయంలో ఉన్న ఆడగుర్రాల్లో ఒక్క గౌరికే పిల్ల తీయిద్దామని తేల్చుకున్నాం, మిగతావాటికి వద్దు. హెసరఘట్ట దాటాక దొడ్డబళ్లాపురం వైపు నేనూ మా బావమరిదీ కలిసి నడుపుకునే చిన్న జాగా ఇది. శని ఆదివారాలు బెంగళూరు నుంచి పిల్లలు సవారీ నేర్చుకోవడానికి వస్తారు, మిగతా రోజులన్నీ లద్దె ఎత్తడం, దాణా లెక్కలు, గిట్టలు చెక్కించడం. మాది హిందూపురం, గుర్రాలు చూసుకునే తాతది చింతామణి దగ్గర పల్లె, కాబట్టి లాయంలో తెలుగే నడుస్తుంది. గుర్రాలను అదిలించేటప్పుడు మాత్రం తాత ఉర్దూలోకి దిగుతాడు.

గౌరి తొమ్మిదేళ్ల మార్వాడీ జాతి గుర్రం. కుమ్మైతు రంగు, అంటే ఒళ్లంతా ముదురు గోధుమ, జూలూ తోకా కాళ్ల కింది భాగాలూ నలుపు. మూపు దగ్గర 58 అంగుళాలు. గుర్రాల వాళ్ల లెక్కలో 14.2 హ్యాండ్లు, ఒక హ్యాండ్ 4 అంగుళాలు కాబట్టి ఆ చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదు, అంగుళాలే. కొత్తవాళ్లు 14.5 అని రాసి అమ్మకానికి పెడుతుంటారు, 14.4 అనేదే ఉండదు, అది 15 అయిపోతుంది.

మిగతావాటిని ఎందుకు వద్దనుకున్నామంటే, రేసుల నుంచి రిటైరై వచ్చిన థరోబ్రెడ్ (రేసుగుర్రాల జాతి) ఒకటుంది, పొడుగు కాళ్లు, సన్నని తల, చూడ్డానికి వచ్చిన వాళ్లందరికీ అదే నచ్చుతుంది. కానీ తలుపు చెక్కను పళ్లతో పట్టుకుని గాలి మింగే అలవాటు దానికి, నలుగురు ఒక్కసారి కనిపిస్తే వణుకు, గిట్టల గోడలు పల్చన. ఇంకోదానికి పై పళ్లు కింది పళ్లను దాటి ముందుకు వచ్చాయి, పొట్టి గడ్డిని కొరకలేదు. అలాంటి దవడ పిల్లలకు దిగే ప్రమాదం ఉందని పెంపకందార్లు పక్కన పెడతారు, మేమూ పెట్టాం. రెండూ మాకు ఇష్టమైనవే, సవారీకి పనికొస్తున్నాయి, అది చాలు.

గౌరిలో మాకు నచ్చింది గుణం. ఏడేళ్ల పిల్ల దాని పొట్ట కిందనుంచి దూరి అవతలికి పోయినా చెవులు కూడా వెనక్కి పెట్టదు. గిట్టలు గట్టివి, లాడాలు లేకుండానే గులకరాళ్ల దారిలో పోతుంది. లోపాలు రెండు. భుజం నిటారుగా ఉంటుంది, అందుకే దుడుకు నడకలో ఎక్కినవాడి నడుము అదిరిపోతుంది. రెండోది, ముందు గిట్టలు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి, ఎడమది ఎక్కువ.

బావమరిది పాత కాలెండరు వెనక రాసిపెట్టాడు: తల్లి గుణం, తల్లి గిట్టలు పోకూడదు, భుజం వాలు రావాలి, ముందు కాళ్లు తిన్నగా రావాలి. ఎత్తు ఒక అంగుళం పెరిగితే సంతోషం. రంగు గురించి ఏమీ లేదు. ఇంతకంటే పెద్ద జాబితా రాసుకుంటే ఏదీ కదలదు. కోళ్లలో, గొర్రెల్లో అయితే వందల పిల్లల్లోంచి ఏరుకోవచ్చు, గుర్రం ఏడాదికి ఒక్క పిల్లనే ఈనుతుంది, ఆ పిల్ల పెద్దదై దాని పిల్లలు కనిపించేసరికి పదేళ్లు గడుస్తాయి. పైగా అన్ని గుణాలూ ఒకేలా దిగవు. ఎత్తు, ఎముకల కట్టు బాగా దిగుతాయి. చూడి నిలవడం లాంటివి చాలావరకు మేతా పోషణా మీదే ఆధారపడతాయి.

జనవరి

మగగుర్రాలను చూడటం మొదలుపెట్టాం. దక్షిణాదిలో మంచి మార్వాడీ మగగుర్రాలు దొరకడం కష్టం, ఉన్నవాటిలో చాలావరకు ఒకరికొకరు చుట్టాలే.

మొదట చూసింది మైసూరు రోడ్డు వైపు ఒక తెల్ల గుర్రం. పెళ్లి ఊరేగింపులకు మంచి గిరాకీ, ఓనరు మాటలు కూడా అలాగే ఉన్నాయి, "తెల్లపిల్ల పుడితే పుట్టిన రోజే అమ్ముడుపోద్ది సార్" అని. దగ్గరికెళ్లి చూస్తే మూతి, కళ్ల చుట్టూ చర్మం నలుపు, అంటే పుట్టుకతో తెల్లది కాదు, ముదురు రంగులో పుట్టి ఏడాదికేడాది వెలిసిపోయిన గ్రే. ఈ గ్రే జన్యువు ఒక్క ప్రతి ఉన్నా చాలు, మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది, కాబట్టి పిల్లల్లో కనీసం సగానికి వస్తుంది. దానితో పాటు ఇంకోటి కూడా వస్తుంది. 15 ఏళ్లు దాటిన గ్రే గుర్రాల్లో 70 నుంచి 80 శాతానికి మెలనోమా గడ్డలు (చర్మపు కణితులు) లేస్తాయని 2008లో ఈ జన్యువును కనిపెట్టిన శాస్త్రవేత్తలే చెప్పారు. మేము తోక ఎత్తి చూశాం. తోక మొదట్లో వెంట్రుకల్లేని చోట నల్లగా, గట్టిగా, చిక్కుడు గింజంత ఉబ్బులు రెండు, వేలితో నొక్కితే కదల్లేదు. ఓనరు "జోరీగ కుట్టింది" అన్నాడు. సరేనని వచ్చేశాం.

రెండోది అసలు అందగాడు. వాలు భుజం, తిన్నటి కాళ్లు, చెవుల కొసలు నెత్తిన ఒకదానికొకటి తగిలేంత వంపు. కాగితాలు తీస్తే గౌరి తండ్రీ దీని తండ్రీ ఒక్కటే. తల్లులు వేరు. చుట్టాలను కలిపితే పిల్లకి తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువు ప్రతులు వచ్చే అవకాశం ఎంతో తెలియాలంటే జన్యుశాస్త్రవేత్త సీవల్ రైట్ 1922లో చెప్పిన లెక్క వేసుకోవాలి: మగ వైపు నుంచి ఆ ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎన్ని తరాలు, ఆడ వైపు నుంచి ఎన్ని తరాలు, రెండూ కూడి ఒకటి కలిపి, సగాన్ని అన్నిసార్లు హెచ్చించాలి. ఇక్కడ 1+1+1, అంటే మూడు సగాలు, ఎనిమిదో వంతు, 12.5 శాతం. అదే ఆ గుర్రం రెండు వైపులా తాత అయ్యుంటే 2+2+1, 3.125 శాతానికి పడిపోతుంది. రెండోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మొదటిది వద్దు. దాక్కుని ఉన్న లోపం ఏదైనా ఉంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి జత కూడేది ఇలాంటి చోటే.

"రేసుగుర్రాలన్నీ అలాగే కదా పెంచుతారు" అన్నాడు బావమరిది, అదీ నిజమే. 1791లో ఇంగ్లండులో మొదలైన థరోబ్రెడ్ల స్టడ్ బుక్, అంటే వంశావళి పుస్తకం, దాని తలుపులు బయటి రక్తానికి మూసుకునే ఉన్నాయి, మగ వంశాలు మూడే మూడు, బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. వాటిలో డార్లీ అరేబియన్ ఒక్కదాని మగ సంతతే ఇవాళ్టి మగ థరోబ్రెడ్లలో 95 శాతం దాకా. కానీ వాళ్లు ఏటా వేలల్లో పిల్లలు పుట్టించి, రేసుల్లో పరిగెత్తించి, ఓడినవాటిని వంశంలోంచి తీసేస్తారు. మాకు పుట్టేది ఒక్క పిల్ల.

మూడోది కనకపుర వైపు కొబ్బరితోటలో. 16 ఏళ్ల నల్ల గుర్రం, నడుము కొంచెం దిగింది, ఫోటో తీస్తే ఎవరూ లైక్ కొట్టరు. దాని పిల్లలు కనిపిస్తాయా అని అడిగాం. ఓనరు పెద్దాయన తన ఫోనులోంచి ముగ్గురికి ఫోన్లు చేసి, మమ్మల్ని వాళ్ల దగ్గరికి పంపించాడు. రెండు మూడు ఆదివారాలు దీనికే పోయాయి, కానీ మగగుర్రాన్ని చూసి తెలిసేదానికంటే దాని పిల్లల్ని చూస్తే తెలిసేదే ఎక్కువ, అందులోనూ వేరువేరు తల్లులకు పుట్టినవాటిని. వాటిలో ఒకదాని తల్లి మా గౌరి కంటే నిటారు భుజంది, పిల్లకి మాత్రం చక్కటి వాలు. ముందు కాళ్లు చూసినవన్నీ తిన్నగా ఉన్నాయి. ఒకటి మాత్రం కొరికే రకం, కానీ దాని తల్లీ కొరుకుతుంది, లాయంలో మూడు గంటలు ఉంటే తెలిసిపోయింది ఎవరి దగ్గర నేర్చుకుందో.

తాత తన పద్ధతిలో తాను చూసుకున్నాడు. గుర్రం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, జూలు ఎత్తి, గొంతు కింద తడిమి, "దేవమణి ఉంది నాయనా, ఇంకేం ఆలోచన చేస్తావు" అన్నాడు. దేవమణి అంటే మెడ దగ్గర ఉండే వెంట్రుకల సుడి, శుభమని నమ్మకం. సుడి కాళ్లను వంకర తిప్పదు, సరిచెయ్యదు. అయినా తాత ఒప్పుకున్నందుకు నాకు సగం టెన్షన్ తగ్గింది, ఎందుకంటే రేపు పిల్లను సాకేది ఆయనే.

రంగు లెక్క కూడా ఇక్కడే రాసిపెడతాను, వచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు కాబట్టి. నల్ల రంగు తయారుచేసే జన్యువు పెద్ద ఈ, అది లేకపోతే అంటే రెండు ప్రతులూ చిన్న ఈ అయితే గుర్రం సురంగు, ఎర్ర రాగి రంగు. నలుపును జూలుకి, తోకకి, కాళ్లకి పరిమితం చేసేది అగూటి అనే ఇంకో జన్యువు, పెద్ద ఏ. గౌరి తల్లి సురంగు, కాబట్టి గౌరిలో ఒక చిన్న ఈ తప్పకుండా ఉంది. గౌరి మా దగ్గరికి రాకముందు ఈనిన మొదటి పిల్ల నలుపు, అంటే ఒక చిన్న ఏ కూడా ఉంది. కొబ్బరితోట నల్లోడికి సురంగు కూతురు ఉంది, మేమే చూశాం, కాబట్టి వాడిలోనూ చిన్న ఈ ఉంది, నలుపు కాబట్టి రెండూ చిన్న ఏలే. రెండింటినీ కలిపితే ఎనిమిదిలో రెండు పాళ్లు సురంగు, మూడు కుమ్మైతు, మూడు నలుపు. ముదురు తల్లికి, ముదురు తండ్రికి ఎర్రపిల్ల పుట్టే అవకాశం నాలుగో వంతు ఉందన్నమాట. ఇది గోడ మీద రాసి పెట్టాం, తర్వాత ఎవరూ నన్ను ఏమీ అనకుండా.

ఫిబ్రవరి

పరీక్షలు. గ్లాండర్స్ రక్తపరీక్ష ముందు, అది నెగిటివ్ రాకుండా గుర్రాన్ని ఎక్కడికీ కదిలించం. మనుషులకు కూడా సోకే జబ్బు, మందు పెట్టి ఉంచుకోవడం ఉండదు, పాజిటివ్ వచ్చిన గుర్రాన్ని చంపేయాల్సిందే. మగగుర్రం ఓనరుని కూడా రిపోర్టు అడిగాం, అడిగితే మొహమాటపడేవాడితో మనకు పనిలేదు. గౌరికి గర్భాశయం నుంచి స్వాబ్ తీసి కల్చర్‌కి పంపారు డాక్టరమ్మ, శుభ్రంగా వచ్చింది.

ఆడగుర్రం పగలు పొడుగయ్యే కాలంలోనే ఎదకు వస్తుంది. చలి దేశాల్లో అయితే శీతాకాలమంతా మూసుకుపోతుంది, అందుకే రేసుగుర్రాల స్టడ్ ఫారాల్లో కొట్టంలో లైట్లు వేసి రోజుకు 16 గంటల వెలుతురు చూపించి ముందే ఎదకు తెస్తారు. వాళ్ల తొందరకి కారణం పుట్టినరోజు, ఉత్తరార్ధగోళంలో థరోబ్రెడ్లన్నిటికీ జనవరి 1నే ఒక ఏడు నిండినట్టు లెక్క, ఏప్రిల్లో పుట్టింది జనవరిలో పుట్టినదానితో పరిగెత్తాలి. మాకు ఆ గోల లేదు. బెంగళూరులో చలికాలం పగటికీ ఎండాకాలం పగటికీ తేడా గంటన్నరే, గౌరి ఎదలు ఈసరికే వరసగా కనిపిస్తున్నాయి.

ఒళ్లు చూసుకున్నాం. తొమ్మిదికి కొలిచే హెన్నెకే స్కోరులో అయిదున్నర, ఆరు మధ్య. పక్కటెముకలు కంటికి కనిపించకూడదు, చేత్తో తడిమితే తెలియాలి.

మార్చి, ఏప్రిల్

ఎద చక్రం 21 రోజులు, అందులో మగదాన్ని ఒప్పుకునేది అయిదు నుంచి ఏడు రోజులు, అండం విడుదలయ్యేది ఆ చివరి ఒకటి రెండు రోజుల్లో. మొదటి రోజే పరిగెత్తుకెళ్లి కట్టించడం వల్ల మగదానికి శ్రమ తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ స్కాన్ చేసి అండాశయం మీద పుటిక (అండం ఉండే నీటిబుడగ) 35 మిల్లీమీటర్లు దాటాక, అండం విడుదలకు ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాడు కట్టించమన్నారు. ఆ సూది పడ్డాక ఒకటిన్నర రెండు రోజుల్లో అండం విడుదలవుతుంది.

గడ్డకట్టిన వీర్యం తెప్పిద్దామని కూడా ఆలోచించాం. అప్పుడు అండం విడుదలైన గంటలను పట్టుకోవాలి, రాత్రంతా స్కానులు, హెసరఘట్టలో మాకు అది సాగదు. మార్వాడీ కాబట్టి కనీసం ఆలోచించగలిగాం, థరోబ్రెడ్లలో అయితే కృత్రిమంగా పుట్టిన పిల్లను స్టడ్ బుక్‌లో ఎక్కించరు, ప్రతి ఒక్కటీ నేరుగా దాటాల్సిందే. టిప్పు కాలం నాటి కుణిగల్ స్టడ్ ఫారంలో కూడా అంతే.

తోకకు గుడ్డ చుట్టి, వెనక భాగం నీళ్లతో కడిగి తుడిచి, గౌరిని కొబ్బరితోటలో నిలబెట్టాం. ముందు కంచె అవతలి నుంచి మగదాన్ని చూపించారు. చెవులు ముందుకు పెట్టి, తోక పక్కకి వేసి, వంగి కొంచెం ఉచ్చ పోసింది, ఇంకేం అడగక్కర్లేదు. నల్లోడు పదహారేళ్ల మర్యాదస్తుడు, పక్కనుంచి వచ్చాడు, నిమిషంలో అయిపోయింది.

మార్చిలో నిలవలేదు. మళ్లీ ఎదకొచ్చింది. ఏప్రిల్లో ఇంకోసారి.

పద్నాలుగో రోజు స్కాన్. చీకటి కొట్టంలో డాక్టరమ్మ చెయ్యి భుజం దాకా లోపల, నేను తోక పట్టుకుని, బావమరిది స్క్రీన్ పట్టుకుని. బూడిద రంగు మధ్య నల్లటి గుండ్రం ఒకటి. కాస్త జరిపితే పక్కనే ఇంకోటి. "రెండా?" అన్నాను. ఆవిడ మాట్లాడలేదు. గుర్రానికి కవలలు వరం కాదు, చాలావరకు రెండూ నిలవవు, ఎక్కువసార్లు నెలలు నిండకముందే పడిపోతాయి, తల్లికి కూడా ప్రమాదం. అందుకే పదహారో రోజు లోపు, పిండాలు ఇంకా గర్భాశయంలో కదులుతూ ఉండగానే, ఒకదాన్ని చేత్తో నొక్కేస్తారు. కానీ ఆవిడ తొందరపడలేదు. రెండింటి కొలతలు రాసుకుని, "ఎల్లుండి వస్తాను, పిండమైతే రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది, గర్భాశయంలో ఉండే నీటితిత్తి అయితే పెరగదు, కదలదు" అన్నారు. ఎల్లుండి చూస్తే ఒకటి పెరిగి జరిగింది, ఇంకోటి ఉన్నచోటే ఉన్నంతే ఉంది. నీటితిత్తే. నెల తిరక్కముందే గుండె కొట్టుకోవడం స్క్రీన్ మీద కనిపించింది.

వానాకాలం

ఈ నెలల్లో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు, మేత తప్ప. మేత మీద మాత్రం పేజీలు రాయొచ్చు.

బెంగళూరు చుట్టుపక్కల పశువులున్న ప్రతి తోటలో హైబ్రిడ్ నేపియర్ గడ్డే. ఆవులకు బాగుంటుంది. గుర్రానికి అదొక్కటే పెడితే అందులోని ఆగ్జలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి, దానికి తోడు తవుడు పెడితే భాస్వరం ఎక్కువై ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్లు కుంటుపడతాయి. మేతలో కాల్షియం భాస్వరం కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు, చూడి గుర్రానికి ఒకటిన్నర రెండింతలు ఉంటే మంచిది. మేము నేపియర్ తగ్గించి రోడ్స్ గడ్డి, లూసర్న్ పెంచాం, ఉడికించిన ఉలవలు కొద్దిగా, సున్నపురాయి పొడి డాక్టరమ్మ చెప్పినంత. తాతకి తవుడు తీసేయడం నచ్చలేదు, వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

13వ శతాబ్దం చివర్లో తమిళ తీరాన్ని చూసిన మార్కో పోలో ఒక సంగతి రాశాడు. ఇక్కడ మంచి మగగుర్రాన్ని మంచి ఆడగుర్రానికి కట్టించినా పుట్టేది వంకర కాళ్ల పిల్లేనని, ఎక్కడానికి పనికిరాదని. అదే చోట ఇంకో మాట కూడా రాశాడు, ఇక్కడివాళ్లు గుర్రాలకు మాంసంతో అన్నం వండి పెడతారని. పాండ్యరాజులు ఏటా ఓడలకొద్దీ గుర్రాలను కొనాల్సి వచ్చింది, తర్వాత విజయనగర రాజులూ హోర్ముజ్ గుర్రాలకు అంతే పోశారు. దక్షిణాది గాలి గుర్రానికి పడదు అనే మాట అప్పట్నుంచీ ఉంది. నా అనుమానం గాలి మీద కంటే గిన్నె మీద. వంశం ఎంత చూసి కలిపినా పొట్టలో ఉన్నప్పుడు ఎముకకు సరుకు అందకపోతే మనం ఎంచుకున్నది కంటికి కనిపించదు, దేన్ని ఏరుతున్నామో మనకే తెలియదు.

తల్లి వాటా సగం అని పుస్తకాల్లో ఉంటుంది, నేను ఇంకా ఎక్కువ అంటాను. 1938లో కేంబ్రిడ్జ్‌లో వాల్టన్, హామండ్ అనే ఇద్దరు భారీ షైర్ గుర్రాలను, చిన్న షెట్లండ్ పోనీలను రెండు వైపులా కలిపి చూశారు. జన్యువుల లెక్కన రెండు రకాల పిల్లలూ ఒకటే, కానీ షైర్ తల్లికి పుట్టినవి షెట్లండ్ తల్లికి పుట్టినవాటికంటే దాదాపు మూడింతల బరువు, పెద్దయ్యాక కూడా తేడా పూర్తిగా పోలేదు. కడుపు జాగా అంత పని చేస్తుంది. పుట్టాక పాలు, ఆ తర్వాత తల్లి ఎవరిని చూసి బెదురుతుందో అది. మన వాళ్లు డబ్బంతా మగగుర్రం కట్నానికి, అంటే దాటించినందుకు ఇచ్చే రుసుముకి పోసి, కొట్టంలో ఉన్న ఏదో ఒక ఆడదానికి కట్టిస్తారు, నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం ఇది.

ఇంకో ముచ్చట. గౌరి మొదటి పిల్ల ఒక టట్టుకి పుట్టింది, ఆ టట్టు రక్తం గౌరిలో ఉండిపోయి వచ్చే పిల్లలన్నిటికీ దిగుతుందని ఒకాయన చాలా సీరియస్‌గా చెప్పాడు. ఇది పాత నమ్మకమే, 1821లో లార్డ్ మోర్టన్ అనే ఆయన తన ఆడగుర్రం ముందు క్వాగాకి (జీబ్రా లాంటి చారల జంతువు), తర్వాత అరబ్బీ గుర్రానికి ఈనితే రెండోసారి పిల్లలకూ చారలు వచ్చాయని రాస్తే డార్విన్ కూడా నమ్మాడు. ఆ శతాబ్దం చివర్లో ఎవార్ట్ అనే జంతుశాస్త్రవేత్త స్కాట్లండులో జీబ్రాలతో మళ్లీ చేసి చూసి అదంతా ఉత్తదని తేల్చాడు, మామూలు గుర్రప్పిల్లలకు కూడా పుట్టినప్పుడు చారలుండటం ఉన్నదే.

అయిదు, ఏడు, తొమ్మిది నెలలకు గర్భం పడిపోకుండా హెర్పిస్ టీకాలు. ఈనడానికి నెల ముందు ధనుర్వాతం టీకా, అది తల్లి పాల ద్వారా పిల్లకి కూడా పనికొస్తుంది.

మళ్లీ మార్చి

గుర్రం సగటున 340 రోజులు మోస్తుంది, 320 నుంచి 365 దాకా ఏదైనా మామూలే. అంటే తేదీ చెప్పడం కుదరదు, పైగా ఎక్కువ గుర్రాలు మనుషులు నిద్రపోయాకే ఈనుతాయి. మాకు పనికొచ్చింది నీళ్ల గట్టితనం చూసే పేపరు పట్టీ. సాయంత్రం చనుమొన నుంచి కొన్ని చుక్కలు తీసి, ఒక వంతు పాలకు అయిదు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి పట్టీ ముంచితే కాల్షియం ఎంతుందో రంగులో తెలుస్తుంది. 200 పీపీఎం దాటేదాకా నిశ్చింతగా పడుకోవచ్చు. దాటిన మర్నాడు చనుమొనల కొసన తేనెరంగు మైనం బొట్లు కట్టాయి, ఆ రాత్రే ఈనింది.

తాత అన్నీ ముందే సిద్ధం చేసి, మమ్మల్ని బయటే కూర్చోబెట్టాడు, "మీరు పోతే అది బిగబడుతుంది" అని. నీళ్లు పోయాక అరగంటలోపే పిల్ల బయటికొచ్చింది. గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మావి పడాలి, గుర్రాల వాళ్ల లెక్క ఇది. మూడూ సరిగ్గానే జరిగాయి. మావిని నేల మీద పరిచి రెండు కొమ్ములూ చినక్కుండా ఉన్నాయో లేదో డాక్టరమ్మ చూశారు, ముక్క లోపల ఉండిపోతే తల్లికి జ్వరం, గిట్టల వాపు. గుర్రంలో మావి గుండా రోగనిరోధక శక్తి పిల్లకి దాటదు, అంతా ముర్రుపాల నుంచే, అదీ మొదటి కొన్ని గంటల్లోనే ఒంటబడుతుంది. మర్నాడు పిల్ల రక్తం తీసి చూస్తే ముర్రుపాల నుంచి వచ్చే యాంటీబాడీలు డెసిలీటరుకు 800 మిల్లీగ్రాముల పైనే ఉన్నాయి.

మగపిల్ల. సురంగు. తల మీద తెల్ల నామం.

"ఇది ఆ నల్లోడి పిల్లేనా?" అని చూసిన ప్రతివాడూ. గోడ మీద రాసింది చూపించడం అలవాటైపోయింది.

ఆగస్టు

అయిదు నెలలు. ఇప్పుడు కాళ్ల గురించి మాట్లాడొచ్చు. పుట్టినప్పుడు చాలా పిల్లలకు మోకాళ్లు లోపలికి, గిట్టలు కాస్త బయటికి ఉంటాయి, ఛాతీ వెడల్పయ్యే కొద్దీ అదే సర్దుకుంటుంది, అప్పుడే చూసి కంగారుపడకూడదు. గిట్ట పైకీలు దగ్గర వంకర ఉంటే మాత్రం మొదటి మూడు నెలల్లోనే గిట్ట చెక్కుడుతో ఎంతో కొంత తిప్పుకోవాలి, తర్వాత ఆ ఎముక పెరుగుదల ఆగిపోతుంది. మేము మొదటి నెల నుంచే చెక్కించాం.

కాలెండరు కాగితం తెచ్చి కొట్టం గోడకి పెట్టి ఒక్కొక్కటే చూశాం. భుజం, తండ్రిదే, మూపు నుంచి భుజం కొస దాకా మంచి వాలు, పచ్చిక మీద వదిలితే అడుగు పొడుగ్గా పడుతోంది. గుణం, తల్లిది, గిట్టలు ఎత్తమంటే ఎత్తుతుంది. గిట్టల గోడలు మందం. ఎత్తు ఆరు నెలలకే పెద్దయ్యాక ఉండేదానిలో 80 శాతం దాటుతుంది, దాన్ని బట్టి 15 హ్యాండ్ల దగ్గరికి రావచ్చు.

ముందు కాళ్లు, తల్లివే. సిమెంటు నేల మీద చతురస్రంగా నిలబెట్టి ఎదురుగా గొంతు కూర్చుని చూస్తే ఎడమ గిట్ట బయటికి. నడిపిస్తే ఆ కాలు లోపలికి అర్ధవృత్తం కొట్టి దిగుతోంది, రెండో కాలి కీలుకు తగిలేంత దగ్గరగా. సవారీకి అడ్డం కాదు, గౌరి ఇన్నేళ్లుగా చేస్తున్న పనే ఇదీ చేస్తుంది. కానీ నాలుగింటిలో మేము మార్చాలనుకున్న రెండింటిలో ఒకటి మారలేదు. నల్లోడి మిగతా పిల్లలన్నిటికీ తిన్నటి కాళ్లే, కాబట్టి ఎటు నుంచి వచ్చిందో అడగనక్కర్లేదు.

అక్టోబరు

పిల్ల తల్లిని వదిలింది. పక్క కొట్టంలో పెట్టి కంచె సందులోంచి మూతులు కలిసేలా ఉంచితే రెండు మూడు రోజులు సకిలించి ఊరుకున్నాయి.

దీనికి విత్తులు తీయించేద్దామని నేనన్నాను. లాయంలో పెద్ద గొడవే జరిగింది. సురంగు మీద తెల్ల నామం, ఆ చెవులు, వాలు భుజం చూసి ఇద్దరు ముగ్గురు ఇప్పటికే బేరానికి వచ్చారు, మగగుర్రంగా ఉంచితేనే ఆ ధర. "ఏడాదికి పది కట్నాలొచ్చినా దాణా ఖర్చు వెళ్లిపోతుంది బావా" అన్నాడు బావమరిది. అదే నా భయం. ఆడగుర్రం చెడ్డ కాలును ఏడాదికి ఒక్క పిల్లకిస్తుంది. మగది తలుచుకుంటే ఊరంతటికీ పంచుతుంది, అందులో సగం మంది రంగు చూసి తీసుకొచ్చినవాళ్లే అయివుంటారు, కాళ్లు చూసేవాడు దీన్ని ఎంచుకోడు కదా. విత్తులు తీసినా దాని విలువ ఏమీ పోదు మాకు, పిల్లలు ఎక్కే గుర్రం కావాలనే మొదలుపెట్టాం, గుణం ఇంకా నెమ్మదిస్తుంది. తాత ఎవరి వైపూ మాట్లాడలేదు, "ఈగలు తగ్గాక చేయించండి" అన్నాడు, అంటే డిసెంబరు. డాక్టరమ్మ కూడా అదే నెల చెప్పారు, రెండు విత్తులూ కిందికి దిగి ఉన్నాయి, నిలబెట్టే చేసేయొచ్చట.

గౌరి మాట ఇంకా తేలలేదు. బావమరిది ఇంకో మగగుర్రానికి కట్టిద్దామంటాడు. రెండు ఈతల్లో ఒక్క పిల్లనే మేము కళ్లారా చూశాం, మొదటి నల్లపిల్ల ఇప్పుడు కోలారు దగ్గర ఎవరి దగ్గరో ఉందట, టట్టు తండ్రిది కాబట్టి కాళ్లు వేరే వైపు నుంచి వచ్చి ఉండొచ్చు కూడా. అమ్మినాయన నంబరు దొరికింది, దీపావళి లోపు పోయి దాన్ని గట్టి నేల మీద నిలబెట్టి ముందు నుంచి చూసి, నడిపించి ఒక వీడియో తీసుకు రావాలి. దానికీ ఎడమ గిట్ట బయటికే ఉంటే గౌరిని ఇక కట్టించం.